తెరమీద కనబడని తాడు

పోయిన సంవత్సరం ఒక పెద్ద హీరోగారి సినిమా విడుదల. తెల్లవారకుండానే గాజువాకలో ఆ హాలు ముందు తిరునాళ్ళలా ఉంది. డప్పులు, టపాకాయలు, పాలాభిషేకాలు... నలభై అడుగుల కటౌటు. దానికి వెయ్యటానికి యాపిల్ పళ్ళ గజమాల. మాలని ఎత్తటానికి అద్దెకి తెచ్చిన క్రేను!

నేనూ టిక్కెట్టు కోసం వెళ్ళినవాణ్ణే. వయసు అరవైకి దగ్గరపడినా మొదటి రోజు మొదటి ఆట చూడకపోతే నాకు అన్నం సయించదు. కానీ ఆ వేళ నా చూపు కటౌటు మీద లేదు. క్రేను హుక్కు మీద ఉంది.

గజమాలని పన్నెండడుగుల ఇనుప పైపుకి వేలాడగట్టారు. పైపు రెండు కొసలకీ ఒకే నైలాన్ తాడు. ఆ తాడు మధ్యని హుక్కుకి తగిలించారు. తాడు పొట్టిదేమో, పైపుకీ హుక్కుకీ మధ్య జానెడు ఎత్తే ఉంది. పైగా తాడులో ఒక ముడి. ఆ పైపు మీద కాళ్ళు పెట్టి, హుక్కు పట్టుకుని పద్ధెనిమిదేళ్ళ కుర్రాడొకడు నిలబడ్డాడు. మాలతో పాటు వాడూ పైకెళ్ళి హీరోగారి నుదుట కుంకుమ పెడతాడట!

"బాబూ, ఆ తాడు ఎంత బరువు మోస్తుందో తెలుసా?" అన్నాను.

"అంకుల్! లారీని లాగిన తాడండీ ఇది!" అన్నాడొకడు. మిగతావాళ్ళు ఈల వేశారు.

లారీని లాగటం వేరు, మనిషిని మొయ్యటం వేరు అని వాళ్ళకి ఎలా చెప్పను? నాకైతే ఆ సంగతి తెలియటానికి ఒక మనిషి కాలు విరగాల్సి వచ్చింది. ఆ కథ ఇన్నేళ్ళూ నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను. సినిమా కథే లెండి!

హబేస్... ఆరియా!

ఇంతకీ నేనెవర్నో చెప్పలేదు కదూ! కలాసీని. కాస్త మర్యాదగా చెప్పాలంటే రిగ్గర్ని. బరువైన వస్తువుని కింద నించి పైకి, ఇక్కణ్ణించి అక్కడికి క్షేమంగా చేర్చటం నా వృత్తి. 1986లో విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం పక్క పల్లెటూరి నించి వచ్చి ఒక కంట్రాక్టరు దగ్గర హెల్పరుగా చేరాను. ఒళ్ళు అక్కడ, మనసు సినిమాల్లో! జీతం అందిన రోజు జగదాంబలో ఆట చూడకపోతే ఆ నెల పనిచేసినట్టే ఉండేది కాదు.

మా మేస్త్రి భీమిలి వైపు మనిషి. చదువు నాలుగో క్లాసు. కానీ వైరు తాడుని చేత్తో తడిమి దాని ఆయుష్షు చెప్పేవారు. ఆయన "హబేస్!" అంటే బరువు లేవాలి, "ఆరియా!" అంటే దిగాలి. ఓడల మీద పనిచేసే లస్కర్ల నోళ్ళలో నాని, రేవుల్లోంచి మా దాకా వచ్చిన మాటలివి. ఆరియా అన్నది పోర్చుగీసు మాటట! ఆ సంగతి తెలిసిన రోజు నాకు నేనే పెద్ద విద్వాంసుణ్ణనిపించింది.

ఆయన నేర్పిన మొదటి పాఠం స్లింగు. స్లింగంటే హుక్కుకీ బరువుకీ మధ్య ఉండే తాడు. వైరుదైనా కావచ్చు, గొలుసైనా కావచ్చు. ఇప్పుడైతే రంగురంగుల బెల్టులు కూడా వచ్చాయి. ప్రతి స్లింగుకీ ఒక అంకె ఉంటుంది. సేఫ్ వర్కింగ్ లోడు. అంటే నిశ్చింతగా మొయ్యగల బరువు. అది తెగే బరువు కాదు సుమా! వైరు స్లింగైతే తెగే బరువులో అయిదో వంతే ఆ అంకె.

"మిగతా నాలుగు వంతులూ ఏటికి మేస్త్రీ? దండగ కదా!" అన్నాను ఓ రోజు.

"ఒకటి కుదుపుకి, ఒకటి అరుగుదలకి, ఒకటి తుప్పుకి..." అని ఆగి నా మొహంలోకి చూశారు. "నాలుగోది నీలాంటోడి తెలివికి!"

మనిషిని ఎత్తేచోట ఆ అయిదింతలు కూడా చాలవు, పదింతలు చూసుకోవాలి అనేవారు. ఇప్పటికీ అదే ఆనవాయితీ.

చేతిలెక్క కూడా ఒకటి చెప్పారు. తాడు మందం మిల్లీమీటర్లలో కొలువు. దాన్ని దానితోనే హెచ్చించు. వచ్చినదాన్ని ఎనిమిదితో హెచ్చించు. అన్ని కిలోలు. అంటే 8 మిల్లీమీటర్ల వైరు తాడు 512 కిలోలు మోస్తుంది. 12 మిల్లీమీటర్లదైతే 1152 కిలోలు. పక్కా లెక్కకి తయారు చేసినవాళ్ళిచ్చే సర్టిఫికెట్టు చూడాలనుకోండి. కానీ చేతిలో సర్టిఫికెట్టు లేనప్పుడు ఈ లెక్క మనిషిని చాలావరకు కాపాడుతుంది.

నేను మాత్రం ఇంతవరకే విని, అంతా వచ్చేసిందనుకున్నాను!

నాకో వేషం

1987 వేసవి. మద్రాసు నించి ఒక సినిమా యూనిట్ వచ్చింది. రేవు పక్క పాత గోడౌనులో విలన్ స్థావరం సెట్టు వేశారు. మీకు తెలుసుగా! రంగురంగుల బల్బులు, గిర్రున తిరిగే కుర్చీ, మధ్యలో పొగలు కక్కే గుంట. ఆ గుంట మీద వేలాడే ఇనుప బోను. బోనులో హీరోగారి అమ్మ, చెల్లెలు, చెల్లెలి భర్త, వాళ్ళిద్దరి పిల్లలు. మొత్తం అయిదుగురు!

బోను ఎత్తటానికి మనుషులు కావాలని మా కంట్రాక్టరుని అడిగితే, ఆయన మా మేస్త్రినీ నన్నూ మరో ఇద్దర్నీ పంపాడు. నా సంబరం చూడాలి! ముందురోజు రాత్రి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. ఎత్తాల్సింది బోనునైనా సరే, అది సినిమా బోను!

బోను పొడవు 8 అడుగులు. బరువు 700 కిలోలు. అయిదుగురు మనుషులు కలిస్తే మరో 300. మొత్తం టన్ను. పైన గోడౌను దూలానికి రెండు టన్నుల చైన్ బ్లాకు వేలాడుతోంది. బోను మీద నిలువునా ఒక యాంగిల్ ఇనుము. దాని రెండు కొసలకీ రెండు స్లింగులు వేసి, పైన ఒకే హుక్కుకి తగిలించాలి.

మా మేస్త్రి 12 మిల్లీమీటర్ల తాడు తీశారు. ఒక్కో కాలూ 8 అడుగులు. కెమెరామన్ గారు అడ్డుపడ్డారు. "తాడు లావుగా ఉంది. తెరమీద మోకులా కనపడుతుంది. సన్నటిది వెయ్యండి" అన్నారు. ఇంతలో డైరెక్టర్ గారు. "బోను ఇంకా ఆరడుగులు పైకి వెళ్ళాలి. కింద గుంట మొత్తం కనిపించాలి" అన్నారు.

చైన్ బ్లాకు అప్పటికే దూలానికి ఆనింది. ఇంకెక్కడికి వెళుతుంది? ఒకటే దారి. స్లింగు కాళ్ళు పొట్టివి చెయ్యటం. 8 అడుగుల కాళ్ళయితే హుక్కు బోనుకి దాదాపు 7 అడుగుల ఎత్తున ఉంటుంది. కాళ్ళు నాలుగడుగుల చిల్లరకి తగ్గిస్తే హుక్కు బోనుకి అడుగు దూరంలోకి వచ్చేస్తుంది. బోను ఆరడుగులు లేస్తుంది!

"అలాగ కుదరదు బాబుగారూ" అన్నారు మేస్త్రి. "మాకో పూట టైమివ్వండి. సైటు నించి దూలం ముక్క తెచ్చి, మధ్యలో కన్ను పెట్టి, రెండు కొసల్నించీ నిటారుగా దింపుతాం. ఎత్తూ వస్తాది, బరువూ నిలుస్తాది."

ప్రొడక్షన్ మేనేజరు గడియారం చూసుకున్నాడు. "పూటా! పూటకి ఎంతవుతుందో తెలుసా నీకు?"

"నాకు తెల్దు బాబూ. నాకు తెలిసింది బరువు. అలాగైతే మనుషుల్ని పెట్టి నేను ఎత్తను" అని, తువ్వాలు దులుపుకుని బయటికెళ్ళి బీడీ వెలిగించారు.

అందరూ నా వైపు చూశారు. ఫైట్ మాస్టరు నా భుజం మీద చెయ్యేశారు. "ఏం తమ్ముడూ, నీకు పని వచ్చా? చేసి పెట్టు. విలన్ గ్యాంగులో తుపాకీ పట్టుకుని నిలబడే వేషం నీకే!"

ఏం చెప్పమంటారు? ఇరవై ఒక్కేళ్ళవాణ్ణి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాణ్ణి! నా బుర్ర చకచకా లెక్క వేసింది. 8 మిల్లీమీటర్ల తాడు అర టన్ను మోస్తుంది. రెండు కాళ్ళు కలిపి టన్ను. బోను టన్ను. సరిగ్గా సరిపోయింది! పైగా నాలుగింతలు ఊరికే పడి ఉంది కదా!

"వచ్చండీ" అన్నాను.

ముందు బస్తాలు

పది నిమిషాల్లో కట్టేశాను. ఒక కాలికి దొరికిన తాడు పాతది. ఒకచోట రెండు మూడు తీగలు విరిగి ముళ్ళలా లేచి ఉన్నాయి. తుడిచి, ఆ వైపు గోడకి తిప్పి పెట్టాను. యాంగిల్ ఇనుము అంచు పదునుగా ఉంది. అంచు మీద గోనెసంచి మడిచి పెట్టాలని తెలుసు. గోనె ముక్క తెరమీద కనిపిస్తుందని పెట్టలేదు. అప్పటికే నేను సగం సినిమావాణ్ణయిపోయాను!

జూనియర్ ఆర్టిస్టులు అయిదుగురూ బోను దగ్గరికి వచ్చారు. అందులో పదేళ్ళ పిల్ల ఒకతె. ఆ పిల్ల బోనులో కాలు పెట్టబోతుంటే గుమ్మంలోంచి మేస్త్రి గొంతు వినిపించింది.

"ఆగండి! ముందు బస్తాలు!"

లోపలికి వచ్చి ఎవర్నీ అడక్కుండా ఇసక బస్తాలు మోయించారు. ఒక్కోటి యాభై కిలోలు, ఆరు బస్తాలు. "ముందు వీటిని ఎత్తి పావుగంట నిలపండి. నిలబడితే అప్పుడు మీ ఇష్టం. నేను మాటాడను" అన్నారు. పావుగంటే కదా అని మేనేజరు కూడా ఊరుకున్నాడు.

"హబేస్!" అని నేనే అరిచాను. ఆ అరుపులో ఎంత గర్వమో! గొలుసు గరగరలాడింది. బోను లేచింది. అడుగు, రెండడుగులు, ఆరడుగులు... నిలిచింది. నేను మేస్త్రి వైపు చూసి నవ్వాను. ఆయన నవ్వలేదు. తాడు వైపే చూస్తున్నారు.

'టిక్' మని చిన్న చప్పుడు. మళ్ళీ 'టిక్'. ఒక్కొక్క తీగే తెగుతున్న చప్పుడు అది. నాకు తెలియలేదు. ఎక్కణ్ణించి వస్తోందో చూద్దామని తల పైకెత్తి బోను కిందికి నడిచాను!

వెనకనించి ఎవరో చొక్కా పట్టుకుని లాగి విసిరేశారు. నేను గుంట పక్కన పడ్డాను. అదే క్షణంలో తుపాకీ పేలినట్టు తాడు తెగింది. బోను ఒక కొస జారి, రెండో కాలి మీద గడియారం లోలకంలా ఊగింది. ఊగుతూ వచ్చి మేస్త్రి ఎడమ కాలికి కొట్టింది. బస్తాలు పగిలి ఇసకంతా ఆయన మీద పోసింది.

ఆ పదేళ్ళ పిల్ల ఏడవలేదు. ఇసక వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

బీడీకట్ట కాగితం

ఆస్పత్రిలో కాలికి సిమెంటుకట్టు. నేను మంచం పక్కన తలొంచుకుని కూచున్నాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. బీడీకట్ట కాగితం విప్పి, నా జేబులో పెన్ను తీసుకుని ఒక ముక్కోణం గీశారు.

"ఒరే బాబూ, నీళ్ళబిందె ఇద్దరు పట్టుకుని నడిచారనుకో. దగ్గర దగ్గరగా నడిస్తే?"

"తేలిగ్గా ఉంటాది."

"ఎడంగా జరిగితే?"

"చేతులు లాగేస్తాయి."

"బిందె బరువు పెరిగిందేటి?"

నేను మాట్లాడలేదు.

"తాడైనా అంతే. నిటారుగా ఉన్నంతసేపూ బరువు మోస్తాది. వాలేకొద్దీ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడు కూడా తాడే మొయ్యాలి. హుక్కు దగ్గర కోణం చూడు. 60 డిగ్రీలుంటే టన్ను బరువుకి ఒక్కో కాలి మీద 577 కిలోలు. 90 అయితే 707. 120 అయితే ఒక్కో కాలి మీదా మొత్తం టన్ను! రెండు కాళ్ళున్నా ఒకటే. ఆ పైన వాలిస్తే పాపం పెరిగినట్టు పెరుగుతాది."

"కోణం కొలవటం ఎలాగ మేస్త్రీ?"

"కొలవక్కర్లేదు. టేపుతో రెండు కొలతలు తీసుకో చాలు. కాలి పొడవొకటి. హుక్కు బరువుకి ఎంత ఎత్తున ఉందో అదొకటి. పొడవుని ఎత్తుతో భాగించు. వచ్చినదాన్ని సగం బరువుతో హెచ్చించు. ఒక్కో కాలి మీద అంత."

నా చేత లెక్క చేయించారు. కాలి పొడవు నాలుగడుగుల చిల్లర. ఎత్తు అడుగు. సగం బరువు 500 కిలోలు. హెచ్చించాను. చెయ్యి వణికింది. రెండు వేల కిలోల పైన! అర టన్ను మొయ్యాల్సిన తాడు మీద రెండు టన్నులు పెట్టాను. కొత్త తాడైనా తెగటానికి మరో అర టన్ను దూరంలో ఉన్నట్టు. నాది పాతది. తీగలు విరిగినది. పదును అంచు మీద మడత పడినది. వైరు తాడుని దాని మందమంత సన్నటిదాని చుట్టూ వంచితేనే బలం సగానికి పడిపోతుంది. పదును అంచు మీదైతే చెప్పేదేముంది!

"మరి ఇదంతా అక్కడే ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?"

"సినిమావోళ్ళ ముందు నిన్ను చిన్నబుచ్చటం ఎందుకని ఊరుకున్నాను. తప్పు నాదే" అన్నారు. ఆ తరవాత కిటికీ వైపు తిరిగి పడుకున్నారు.

అప్పుడైనా నాకు బుద్ధి రాలేదు. మర్నాడు కంట్రాక్టరు విచారణకి వచ్చాడు. తాడు ఎంచినదెవరు అని అడిగాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. "నేనే బాబూ. పాతదని చూసుకోలేదు" అన్నారు మేస్త్రి, మంచం మీంచే. ఆయనకి రెండు నెలల జీతం పోయింది. నేను అక్కడే ఉన్నాను. నోరు పెగల్లేదు. నా ఉద్యోగం పోతుందని భయం. నిజానికి అంతకంటే నీచమైన భయం ఇంకొకటుంది. నా వేషం పోతుందని!

ఆ పాము

షూటింగు ఆగలేదు లెండి. పూట కాదు, మూడు రోజులు పట్టింది. మేస్త్రి బీడీకట్ట కాగితం మీద గీసిచ్చినట్టే దూలం చేయించాం. మధ్యలో ఒకే కన్ను, హుక్కు అందులో పడుతుంది. రెండు కొసల్నించీ 12 మిల్లీమీటర్ల కొత్త స్లింగులు నిటారుగా దిగుతాయి. ఒక్కోదాని మీద 500 కిలోలే. మొయ్యగలది 1152. తెగే బరువుతో పోల్చుకుంటే పదకొండింతల పైన! బస్తాలు పెట్టి పావుగంట నిలిపాం. కింద ఎవర్నీ ఉండనివ్వలేదు.

మరి దూలం కెమెరాకి కనపడదా? అక్కడే ఆర్ట్ డైరెక్టర్ గారి బుర్రకి దణ్ణం పెట్టాలి. దానికి గుడ్డా గడ్డీ చుట్టి, రంగు పూసి, ముందుకి పడగ పెట్టి పామునే చేసేశారు! నోట్లో ఎర్రబల్బు కూడా పెట్టారు. బోను పాము నోట్లోంచి వేలాడుతున్నట్టు ఉంది. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు.

సినిమా వచ్చింది. చేతికర్ర పట్టుకుని మేస్త్రి కూడా వస్తానన్నారు. బెంచీ టిక్కెట్టు తీసుకుని పక్కపక్కన కూచున్నాం. బోను సీను వచ్చింది. పాము కనపడగానే హాలంతా ఈలలు. ఆ మూల, తుపాకీ పట్టుకుని నేను. ఒకే ఒక్క సెకను!

"మేస్త్రీ, అదిగో నేను!" అన్నాను.

ఆయన నన్ను చూడలేదు. పాము పైనే చూపు. "తాళ్ళు నిటారుగా ఉన్నాయిరా" అన్నారు. అంతే!

ఆయన కాలు మళ్ళీ సరిగ్గా రాలేదు. కుంటుతూనే మరో ఇరవై ఏళ్ళు పనిచేశారు. తాడు కట్టింది నేనని ఏనాడూ ఎవరితోనూ అనలేదు. 2011లో పోయారు. నేను నిజం చెప్పటానికి ఎన్నిసార్లు వాళ్ళింటికి వెళ్ళానో! కాఫీ తాగి తిరిగొచ్చాను. ఇవాళ వాళ్ళ పిల్లలు ఈ పత్రిక చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఇప్పుడు తాడు కనపడక్కర్లేదు

సినిమాకీ మా వృత్తికీ పాత పేచీ ఒకటుంది. కెమెరాకి తాడు సన్నగా ఉండాలి, ప్రాణానికి లావుగా ఉండాలి. పౌరాణికాల్లో నారదుడు ఆకాశంలో తేలుతుంటే మనం చప్పట్లు కొట్టాం. వేలాడే మనిషి మాత్రం ఆ సన్నటి తీగనే నమ్ముకుని ఉండేవాడు. ఇవాళ ఆ బాధ తప్పింది. ఎంత లావు తాడు వేసినా కంప్యూటరులో చెరిపేస్తున్నారు. ఇక సన్నటి తాడు వెయ్యటానికి ఏ సాకూ లేదు. 2015లో 'బాహుబలి'లో ఆ పెద్ద విగ్రహం ఒరిగిపోతుంటే ప్రభాస్ గారు తాడు పట్టుకు లాగే సీనుకి మీరందరూ ఈలలు వేసి ఉంటారు. నేనూ వేశాను. వేస్తూనే ఆ తాళ్ళు ఎంత కోణంలో ఉన్నాయా అని చూశాను. పాడు అలవాటు!

అయితే తాడు ఒక్కటీ లావైతే చాలదు. 2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై శివార్లలో ఒక భారీ చిత్రం సెట్టులో లైట్లు మోస్తున్న క్రేను కూలి ముగ్గురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 1న మా విశాఖ షిప్‌యార్డులో ఒక క్రేనుకి బరువు పరీక్ష చేస్తుండగా అది కూలి 11 మంది పోయారు. ఇవి స్లింగు తెగిన కథలు కావు. కానీ బరువు గాల్లో ఉన్నప్పుడు దాని కింద, దాని పక్క మనిషి ఎంత అల్పుడో ఆ రెండు రోజులూ నాకు మళ్ళీ గుర్తుచేశాయి.

మా రోజుల్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను కూడా అదే చెప్పింది. ఎత్తే ప్రతి తాడు మీదా, గొలుసు మీదా మొయ్యగల బరువు కనిపించేలా ఉండాలి, ఏడాదికొకసారైనా తెలిసినవాడు పరీక్షించాలి అని. ఫ్యాక్టరీకి సరే. హాలు ముందు కటౌటుకి ఎవడు పరీక్షిస్తాడు? మనమే!

జానెడు ఎత్తు

సరే, గజమాల దగ్గరికి వద్దాం. అక్కడ కుర్రాడు పైపు మీద నిలబడే ఉన్నాడు కదూ!

"మాల బరువెంత బాబూ?" అన్నాను.

"రెండొందల నలభై కిలోలండీ. రికార్డు!"

"నువ్వు అరవై. కలిపి మూడొందలు. సగం నూటయాభై. ఇప్పుడు పైపు పన్నెండడుగులు. ఒక్కో కాలూ ఆరడుగులు. హుక్కు ఎత్తు జానెడు, అంటే ముప్పావు అడుగు. ఆరుని ముప్పావుతో భాగిస్తే ఎంత?"

ఒకడు ఫోను తీసి నొక్కాడు. "ఎనిమిదండీ."

"నూటయాభైని ఎనిమిదితో హెచ్చించు."

వాడు నొక్కాడు. చూశాడు. మళ్ళీ నొక్కాడు. "పన్నెండొందలండీ!"

"మూడొందల కిలోల మాలకి, ఒక్కో వైపు తాడు మీద టన్నుకి పైన. మధ్యలో ఆ ముడి ఉంది చూశావా, ముడి వేస్తేనే తాడు బలం సుమారు సగానికి పడిపోతుంది."

ఈలలు ఆగాయి. క్రేను నడిపే అతను క్యాబిన్‌లోంచి దిగి వచ్చాడు. "తాత చెప్పింది కరెక్టే. నేనూ అదే అన్నాను, వీళ్ళు వినలేదు" అంటూ వెనకనించి రెండు ఆకుపచ్చ బెల్టు స్లింగులు తీశాడు. ఆకుపచ్చంటే రెండు టన్నులు. ఊదా అయితే ఒకటి, పసుపైతే మూడు. రంగు చూసి నమ్మెయ్యకండి, చీటీ మీద అంకె కూడా చదవండి. చీటీ ఊడిపోయిందంటే ఆ బెల్టు పనికిరానిదే. బెల్టుకి కోత పడినా అంతే. అతని బెల్టులకి చీటీలు ఉన్నాయి. కోతలు లేవు. నేను రెండూ వేళ్ళతో తడిమి మరీ చూశాను.

పన్నెండడుగుల బెల్టులు పైపు రెండు కొసలకీ వేశాం. కాలి పొడవూ, కొసల మధ్య దూరమూ ఒకటే అయితే కోణం 60 డిగ్రీలు. టేపు లేకపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. మాల ఒక్కటే పైకి వెళ్ళింది. కుర్రాడు కింద ఉండే అరిచాడు. కుంకుమ కటౌటు కాలివేళ్ళకి పెట్టాడు. హీరోగారికి నమస్కారం అక్కడే అందుతుంది కదా!

"హబేస్!" అన్నాను నేను, ఉండబట్టలేక. క్రేను అతను నవ్వాడు. అతనికి ఆ మాట తెలుసు.

హాల్లోకి వెళుతుంటే ఆ కుర్రాడు నా పక్కన చేరాడు. "తాతా, మీరు సినిమాల్లో చేశారా?" అన్నాడు.

"ఒక సెకను" అన్నాను.

"ఏ వేషం?"

చెప్పబోయి ఆగాను. లైట్లు ఆరిపోయాయి. ఈలలు మొదలయ్యాయి. ఆ కుర్రాడు నా భుజం పట్టుకుని గట్టిగా అరుస్తున్నాడు. వాడి రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి.